యాభయ్యో దున్న

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే కాగితాల మీద పెద్దది, పోలినాయుడనే అడవిదున్న ఉండేవాడు. తిండంటే ప్రాణం. ప్రాణమంటే మాత్రం ఇంకా ప్రాణం.

అక్కడి దున్నలకూ సింహానికీ పాతకాలపు ఒప్పందం ఒకటుంది. ప్రతి పున్నమినాడూ పొద్దున్నే అందరి పొట్టల్నీ తీగతో కొలుస్తారు. కిందటి పున్నమికన్నా ఎవరి పొట్ట ఎక్కువ పెరిగితే వాళ్లు సింహం గుహకి భోజనానికి వెళ్లాలి. తిరిగి రానక్కర్లేదు. అందుకని దున్నలన్నీ అరకడుపున మేసేవి. పోలినాయుడు పోయిన పున్నమికి బెత్తెడు తేడాతో బతికి బయటపడ్డాడు.

వచ్చినవాడల్లా బక్కచిక్కినవాడే కావడంతో సింహానికి విసుగెత్తింది. ఏటా పరదేశం నుంచి వచ్చే కొంగని సలహా అడిగింది. మాంసం కోసం మేపే పశువులకి అక్కడ చెవి వెనక చర్మం కింద బియ్యపుగింజంత గోళీ పెడతారనీ, అందులోని మందు మెల్లగా ఒంట్లోకి దిగి తిన్నదాన్ని కండ చేస్తుందనీ కొంగ చెప్పింది. "కానీ మేత దండిగా ఉండాలి ప్రభూ. పస్తున్నవాడి చెవిలో పెడితే అది ఒట్టి గింజే" అని కూడా చెప్పింది.

ఆ మధ్యాహ్నమే 'దున్నల అభ్యున్నతి పథకం' పుట్టింది. లక్ష్యం యాభై చెవులు. దాణాగా ఇప్పపూలూ వెదురు చిగుళ్లూ మంజూరయ్యాయి. సూపరింటెండెంటుగా గుర్నాథమనే అడవిపందిని వేశారు.

పోలినాయుడు చెవిపోటని సాకు చెప్పి తప్పించుకోబోయాడు. "పథకం వద్దంటే రాజద్రోహం కిందికొస్తుంది నాయుడూ. సంతకం రాకపోతే గిట్ట వెయ్యి" అన్నాడు గుర్నాథం. నాయుడు గిట్ట వేశాడు. కొంగ ముక్కుతో పొడిచి గోళీ దించేసింది.

తీరా చూస్తే దున్నలు నలభై తొమ్మిదే. యాభై అని రాసేటప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు. లక్ష్యం తప్పితే ఉద్యోగానికే మచ్చ. గుర్నాథం తన చెవే చాపి గోళీ పెట్టించుకుని, రిజిస్టరులో 'యాభయ్యో దున్న: గుర్నాథం' అని రాసుకున్నాడు.

ఇక దాణా వస్తుంది, తాను తినకుండా ఉండలేడు, ఈ పున్నమితో సరి అని నాయుడు రోజూ వణికాడు. పది రోజులైనా దాణా జాడ లేదు. గోదాముకెళ్లి చూస్తే ఇప్పపూల రాశి మధ్యలో గుర్నాథం కూర్చుని నములుతున్నాడు.

"నాణ్యత పరీక్షిస్తున్నా" అన్నాడు.

నాయుడికి కళ్లు చెమర్చాయి. "ఇంకా బాగా పరీక్షించండి సార్" అని దండం పెట్టి వచ్చేశాడు.

పున్నమి వచ్చింది. నలభై తొమ్మిది దున్నల పొట్టలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. గుర్నాథానికి మాత్రం తీగ చాల్లేదు, ఇంకో తీగ ముడేయాల్సి వచ్చింది.

"ప్రభూ, నేను దున్నని కాను" అన్నాడు గుర్నాథం.

సింహం రిజిస్టరు తెరిచింది. "నీ చేతిరాతేగా ఇది? రికార్డు తప్పంటావా?"

సర్వీసులో ఏనాడూ రికార్డు తప్పని ఒప్పుకోని గుర్నాథం అప్పుడూ ఒప్పుకోలేకపోయాడు. భోజనానికి వెళ్లాడు.

దున్నలు మర్నాడంతా గెంతులేశాయి. అందరికంటే ఎత్తు గెంతింది పోలినాయుడే.

ఆ మరుసటి పొద్దున కొత్త సూపరింటెండెంటు వచ్చింది. పేరు సత్యమ్మ, తాబేలు. ఒక్క ఇప్పపువ్వయినా ముట్టని మనిషని అడవంతా పేరు. వస్తూనే ప్రతి దున్న ముందూ దాణా కుప్ప పోయించి, తినేదాకా అక్కడే నిలబడింది. మిగిలితే తనకి మాటొస్తుందట.

ఇప్పపూల వాసనకి నాయుడి నోట్లో నీళ్లూరాయి. చెవి వెనక గోళీ దురద పెట్టింది.

"అమ్మా, కాస్త నువ్వూ తినరాదూ?" అని బతిమాలాడు.

"ఛీ, ఒకరి సొమ్ము నేను తింటానా?" అంది సత్యమ్మ.

పోలినాయుడు గుర్నాథాన్ని తలుచుకుని గొల్లుమన్నాడు. ఏడుస్తూనే కుప్పలో మూతి పెట్టాడు.

నీతి: మన దాణా మెక్కే అధికారి పోయాడని సంబరపడేముందు, ఆ దాణా మనకి ఎందుకు పెడుతున్నారో కనుక్కోవాలి.