రుజువుల రాళ్ళు

ఒక పెద్ద అడవిలో ఒక కార్యాలయం ఉండేది, అందులో కూర్చునేవాళ్ళెవరికీ ఏ పనీ చేతకాదు. ఇది నేను ఎగతాళికి అనడం లేదు, వాళ్ళ నిబంధనే అది. కార్యాలయం పని పేరు చెబుతుంది. చేసేవాళ్ళు బయట ఉంటారు.

పద్ధతి ఇలా ఉండేది. రోజూ పొద్దున ఒక ఆకు మీద పనుల పట్టీ రాసేవారు. సుభాషిణి అనే చిలక దాన్ని వరసగా చదివేది. ముంగిసను పిలిచి చెరువు కట్టలో బొరియలు పూడ్చమనాలి అని మొదటి వరసలో ఉంటే, ముంగిస వెళ్ళి తిరిగొచ్చేదాకా చిలక రెండో వరస చదవదు. ఎందుకంటే రెండో వరసలో ఏనుగు వెళ్ళి ఆ పూడ్చిన చోటే తొక్కి గట్టిచెయ్యాలి. ముందే తొక్కితే లాభం లేదు. వెళ్ళినవాళ్ళు పొద్దుగూకేలోపు రాకపోతే వెతకడానికి ఇంకొకరిని పంపేవారు. ఎలుగుబంటి విషయంలో ఇది తరచూ అవసరమయ్యేది.

తిరిగొచ్చినవాళ్ళు నోరు విప్పక్కర్లేదు. పని సవ్యంగా అయితే ఉత్త చేతులతో కనబడి వెళ్ళిపోవచ్చు. తేడా వస్తే గుమ్మం దగ్గరి బుట్టలో రాళ్ళు వెయ్యాలి. ఒకటి వేస్తే పని కాలేదని, రెండు వేస్తే సగంలో ఆగిందని, మూడు వేస్తే ఎవరి ప్రాణం మీదకో వచ్చిందని అర్థం. మన ఊళ్ళల్లో కంప్యూటర్లకు స్క్రిప్టులు రాసేవాళ్ళది కూడా ఇదే ఆచారం. బయటి ప్రోగ్రామును పిలుస్తారు, అది ముగిసేదాకా ఆగుతారు, సున్నా తిరిగొస్తే ఊపిరి పీల్చుకుంటారు, ఇంకే అంకె వచ్చినా కంగారుపడతారు. కంగారుపడని వాళ్ళ సంగతే ఈ కథ.

ఈ ఏర్పాటు చేసిన తాబేలు పదవి దిగిపోయాక కొండముచ్చు కార్యదర్శిగా వచ్చాడు. పక్క అడవిలో పరిపాలన నేర్చుకున్నాడని చెప్పుకునేవారు, ఎక్కువగా ఆయనే చెప్పుకునేవాడు. మొదటి రోజే చిలక కొమ్మ మీద ఊరికే కూర్చుని ఉండటం ఆయన కంటపడింది. ఏం చేస్తున్నావంటే ఎదురుచూస్తున్నానంది.

ఎదురుచూడటం కూడా ఒక పనా అని ఆయన విసుక్కున్నాడు. ఆ రోజు నుంచి పట్టీ మొత్తం ఒక్క గుక్కలో చదివెయ్యమన్నాడు. అందరూ ఒకేసారి బయల్దేరారు. ఇదివరకు సాయంత్రం దాకా సాగే పట్టీ టిఫిను వేళకే ముగిసింది. పిలిచామన్న మాటకే అయిపోయిందని పేరు పెట్టుకుంటే ఎంత పెద్ద పనైనా అంత తొందరగానూ అవుతుంది. గుహలో పడుకునే సింహంగారికి అన్ని పనులూ పూర్తి అని రోజూ పొద్దున్నే కబురు వెళ్ళేది.

తర్వాత ఆయన చూపు బుట్ట మీద పడింది. కొంతమంది ఉత్త చేతులతో వచ్చి పోతున్నారు, కొంతమంది రాళ్ళు తెస్తున్నారు. పని చేసిన ఆనవాలు ఎవరి దగ్గరుంది? చిలక పాత అర్థం చెప్పబోయింది.

"రాయి బరువుగా ఉంటుంది సుభాషిణీ. బరువు మోసుకొచ్చినవాడు పని చెయ్యలేదంటావా?" అన్నాడు కొండముచ్చు.

ఎక్కువ రాళ్ళు తెచ్చినవారికి దండ, ఉత్త చేతులతో వచ్చినవారికి మెమో అని ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది.

మొదటి మెమో కణుజు దుప్పికి వచ్చింది. పాడైన దారిని శుభ్రంగా బాగుచేసి రావడం దాని తప్పు. మర్నాడు అది దారి జోలికే పోకుండా నాలుగు రాళ్ళు తెచ్చి దండ వేయించుకుంది. అడవిపంది వీరన్న పదకొండు తెచ్చాడు. వారం తిరిగేసరికి పనికి పోయేవాళ్ళు లేరు, అందరూ రాళ్ళ కోసమే తిరుగుతున్నారు.

ఇంతలో ముంగిస గవరయ్యకు నిజంగానే మూడు రాళ్ళు వెయ్యాల్సిన అవసరం వచ్చింది. ఆయన బొరియలు పూడ్చడానికి చెరువు కట్ట మీదకు వెళ్ళేసరికి, ఎవరి కోసమూ ఆగక్కర్లేని ఏనుగు అప్పటికే తొక్కి చదును చేసి వెళ్ళిపోయింది. బొరియల నోళ్ళు మూసుకున్నాయి గానీ లోపలి డొల్ల అలాగే ఉంది. ఆ కట్ట కిందే కుందేలు పేరమ్మ కాపురం, ఇంకా కళ్ళు తెరవని ఐదుగురు పిల్లలతో. గవరయ్య పరుగున వచ్చి బుట్టలో మూడు రాళ్ళు వేశాడు. మరీ తక్కువగా ఉన్నాయనీ, పనితీరు మెరుగుపరచుకోవాలనీ ఆయనకు మెమో ఇచ్చారు.

తన బొరియ గోడ చెమ్మగిల్లడం చూసి పేరమ్మ కార్యాలయానికి వచ్చింది. కట్ట పని రోజూ పూర్తవుతూనే ఉందని ఆమెకు పట్టీలు చూపించారు. గుమ్మం పక్కన చూరు అందుకుంటున్న రాళ్ళ కుప్ప చూపించారు. ఇంత రుజువు కళ్ళెదుట పెట్టుకుని అనుమానపడటం మంచి పౌరుల లక్షణం కాదని కొండముచ్చు మందలించి పంపాడు. తిరిగి వెళుతూ ఆమె దారిలో గవరయ్యను ఆపింది.

"మావా, కట్ట బాగుందా?"

"నేను మూడు వేశానమ్మా" అన్నాడు గవరయ్య.

పాత పద్ధతిలో పెరిగిన పేరమ్మకు అంతకన్నా చెప్పక్కర్లేదు. ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని మెట్టకు చేర్చడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నమే తొలకరి కుండపోతగా పడింది. నాలుగో పిల్లను దింపి వెనక్కి తిరిగేసరికి కట్ట తెగింది. ఐదో పిల్ల దక్కలేదు. ఇక్కడ నవ్వడానికి ఏమీ లేదు, నేనూ నవ్వడం లేదు.

వాన వెలిశాక పేరమ్మ మిగిలిన పిల్లలతో కార్యాలయానికి వచ్చి జరిగింది చెప్పింది. కొండముచ్చు విచారం ప్రకటించాడు. తర్వాత, ఐదోది ఒకటి ఉండేదనడానికి రుజువేమైనా తెచ్చావా అని అడిగాడు.

"లేదండి. ఉత్త చేతులతోనే వచ్చాను" అంది పేరమ్మ.

ఆయన ఆమె పేరు మెమోల పట్టీలో రాస్తూ ఉండగా సింహంగారు వచ్చారు. చెరువు ఖాళీ కావడంతో ఆయనకు దాహం వేసింది, అందుకని ఇన్నేళ్ళలో మొదటిసారి గుహ వదిలారు. కట్ట పని అందరికన్నా బాగా చేసింది ఎవరని అడిగారు. కొండముచ్చు గర్వంగా వీరన్నను ముందుకు తోశాడు. మొత్తం నలభై ఒక్క రాళ్ళు, మెడలో ఆరు దండలు. ఇన్ని రాళ్ళు ఎక్కడ దొరికాయని సింహంగారు అడిగారు.

"కట్టవేనండయ్యా" అన్నాడు వీరన్న. పాపం, అతనికి అబద్ధమాడటం రాదు. "నీటివైపు పేర్చి ఉండేవి కదండీ, అవి. ఇంత దగ్గర్లో అంత మంచి రాళ్ళు ఇంకెక్కడా లేవు. అందరం అక్కణ్ణించే తెచ్చాం."

బాగుచేసిన కట్టంతా గుమ్మం పక్కన కుప్పగా ఉంది, కట్ట ఉండాల్సిన చోట బురద ఉంది. చిలక తల రెక్కలో దాచుకుంది.

సింహంగారు అరవలేదు. ఈ రాళ్ళన్నీ మళ్ళీ తీసుకెళ్ళి పేర్చాలని మాత్రం అన్నారు. కొండముచ్చు చిత్తమని, వెంటనే ఒక ఆకు అందుకుని, ఎవరిని పిలవమంటారని వినయంగా అడిగాడు.

"నిన్నే" అన్నారు సింహంగారు.

కొండముచ్చు ఆకు కింద పెట్టాడు. తర్వాత ఒక రాయి ఎత్తబోయి కాలి మీద పడేసుకున్నాడు. ఆ సరదా చూడటానికి అడవంతా గుమిగూడింది గానీ పేరమ్మ ఆగలేదు. మెట్ట మీద కొత్త బొరియ తవ్వుకోవాలి, నలుగురు పిల్లలు చలికి వణుకుతున్నారు.

నీతి: పని బ్రహ్మాండంగా జరుగుతోందనడానికి రుజువులు కుప్పలుగా కనబడితే, మెచ్చుకుంటూ నిలబడకుండా పిల్లల్ని తీసుకుని మెట్టకు వెళ్ళిపోండి.