కాలం ముందర మైనస్

ఈ ఉదయం నుంచీ ఆకాశమంతా మబ్బు కమ్మి ఉంది. కురుస్తాననీ అనదు, కురవననీ అనదు. నేను మాత్రం తేల్చి చెబుతాను: జనరల్ రిలేటివిటీని తప్పుగా నేర్పే యూనివర్సిటీ దొరకడం విద్యార్థి చేసుకున్న అదృష్టం!

నేను గోడలు కట్టే మేస్త్రీని. ఊరి బడి దాటి చదవలేదు. మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది కాబట్టి, ఇంట్లో చెవిన పడినంత మేరకే మాట్లాడుతున్నాను.

వాళ్ల ప్రొఫెసరుగారి దగ్గర ఒక నోట్సు ఉంది. ఆయన చదువుకునే రోజుల్లో రాసుకున్నది. కాగితాలు ఊడిపోతుంటే ఎప్పుడో దబ్బనంతో కుట్టించారు. నలభయ్యో పేజీలోని సూత్రంలో, కాలాన్ని సూచించే అక్షరానికి ముందు ఒక మైనస్ గుర్తు ఉండాలట. దబ్బనం సరిగ్గా దాని మీదే దిగింది. మైనస్ పోయి చిల్లు మిగిలింది.

చిల్లును బోర్డు మీద రాయలేరు కదా! ఇరవై రెండేళ్లుగా ఆయన మైనస్ లేకుండానే రాస్తున్నారు. పిల్లలు అలాగే ఎక్కించుకుని, పరీక్షలో అలాగే దింపి, ఫస్టు క్లాసులు తెచ్చుకుంటున్నారు. చివర్లో లెక్క కుదరదే అంటారా? "సులభంగా రుజువు చేయవచ్చు" అని ఒక ముక్క రాసి, పుస్తకంలోని జవాబు కింద పెట్టేస్తారు. ఇంత హాయి ఏ చదువులో ఉంది?

ఒక్క గీత పోతే కొంపేం మునిగింది? ఆ గీత ఉండబట్టే కాలం వేరు, దూరం వేరు అయ్యాయని మా పిల్ల అంటుంది. అది లేకపోతే కాలమూ ఒక వీధిలాంటిదే, వెళ్లినవాడు వెనక్కి రావచ్చు. ఎంత మేలు! యూనివర్సిటీవాళ్లు రుజువు కూడా చేశారు. ఇరవై రెండేళ్ల కిందటి క్వశ్చన్ పేపరు ఈ ఏడాది మళ్లీ నడుచుకుంటూ వచ్చింది!

బరువు దగ్గర కాలం నెమ్మదిస్తుందని ఆ శాస్త్రంలోనే ఇంకో మాట. దానికి ల్యాబు దేనికి? పరీక్షల విభాగంలో గుమాస్తాగారి బల్ల చాలు. మేం రీవాల్యుయేషన్‌కు అప్లికేషన్ పెట్టి నాలుగు నెలలైంది. మొన్న వెళ్తే "ఇప్పుడేగా ఇచ్చారు" అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. ఆ ఫైళ్ల పక్కన ఆయనకు అంతే గడిచి ఉంటుంది.

అప్లికేషన్ ఎందుకంటారా? మా పిల్ల పరీక్షలో ఆ మైనస్ పెట్టింది. వాళ్లు సున్నా పెట్టారు. ఆ పేపరు ఫెయిలైంది.

ప్రొఫెసరుగారు పిలిపించి నెమ్మదిగానే మాట్లాడారట.

"నోట్సులో లేనిది ఎందుకు రాశావమ్మా?"

"అక్కడ ఉండాలి కదా సార్."

"ఉండాలనే అనుకో. మరి ఇన్నేళ్లూ పాసైనవాళ్ల సంగతేంటి? వాళ్లలో ముగ్గురు ఇక్కడే పాఠాలు చెబుతున్నారు."

చూశారా ఆ దయ! తన పరువు కాదు, ముగ్గురి ఉద్యోగాల గురించి ఆయన బెంగ.

ఇవాళ సప్లిమెంటరీ. ఇందులో గట్టెక్కితేనే మా పిల్లకు రీసెర్చి సీటు, లేదంటే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. నిన్న సాయంత్రం నేను పని చేస్తున్న చోటికే వచ్చి ఇటుకల మీద కూర్చుంది. అప్పుడే నేను ఒక గోడ పడగొట్టిస్తున్నాను. దారానికి గుండు కట్టి వేలాడదీసి చూస్తే వేలెడు వాలు తేలింది. ప్లాస్టరింగులో కనబడదు, వదిలెయ్యమని ఇంటాయన బతిమాలాడు. నేను వినలేదు.

"ఏం చెయ్యమంటావు నాన్నా?" అని అడిగింది.

"వాళ్లకు కావలసినట్టే రాసెయ్యి తల్లీ. సీటు వచ్చాక నీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకుందువు."

నా చేతిలో ఇంకా సుత్తి ఉంది. పిల్ల దానికేసి చూసి లేచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పరీక్ష నుంచి వచ్చింది. ఎలా రాశావని వాళ్లమ్మ అడిగితే బాగానే రాశానంది. చెప్పులు విడుస్తూ నాతో మాత్రం, "ఆ గీత పెట్టలేదు నాన్నా. పాసవుతాను" అంది.

వాళ్లమ్మ కంచాలు పెట్టింది. ముగ్గురం కూర్చున్నాం. పిల్ల తలెత్తలేదు. నేను మంచినీళ్లు కూడా అడగలేదు. తిని, ఎవరి కంచం వాళ్లం తీసుకుని లేచాం.