త్రినాధరావు ఆఖరి ఆవం

ఆ రోజు పొద్దున్న త్రినాధరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పూత పూసిన కూజాల్ని ఇంటినుంచి పొలం చివర, కుండలు కాల్చే ఆవానికి చేర్చాలి, నిప్పు పెట్టాలి, సాయంత్రం ఇంటికొచ్చి ఇంత చారన్నం తిని పడుకోవాలి. ఇందులో ఎవరైనా చచ్చిపోయే సందు అతనికెక్కడా కనిపించలేదు.

మద్రాసు వెళ్లి బొమ్మల చదువు చదివినవాడు బుద్ధిగా ఏ బడిలోనో డ్రాయింగు మాస్టరుగా చేరొచ్చు కదా! చేరలేదు. అనకాపల్లి దాటి, చెరకు తోటల మధ్య, కళాత్మకమైన కుండలు చేస్తానని కూర్చున్నాడు. మూడేళ్లుగా చేస్తూనే ఉన్నాడు. మట్టి అతని మాట వింది, కుమ్మరి జగ్గన్న విన్నాడు, గాజుపూత ఒక్కటే వినలేదు. అది కరగాలంటే ఆవం తెల్లగా మండాలి. అంత మంటకి కట్టెలు కావాలి. కట్టెలు చూస్తే యుద్ధం పుణ్యమా అని కొండెక్కి కూర్చున్నాయి. ఇంకో నాలుగు మోపులుంటే అయిపోయేదనగా ప్రతిసారీ మంట చల్లారేది, కూజాలు బూడిద గుమ్మడికాయల్లా బయటికొచ్చేవి.

మామగారు అప్పారావుకి అనకాపల్లి మార్కెట్లో పెద్ద బెల్లం కొట్టు. ఆయన ఓపిక పట్టీ పట్టీ, చివరికి తేల్చి చెప్పేశాడు.

"ఇదే ఆకరి ఆవం, అల్లుడూ. ఈసారీ మెరుపు రానేదనుకో, సోమారంనుంచి వచ్చి కొట్లో కూకో."

బెల్లం వాసన తగిలితేనే త్రినాధరావుకి తల తిరుగుతుంది. కొట్లో కూర్చోవడమంటే తన బతుక్కి చుక్క పెట్టేసినట్టేనని అతనికి తెలుసు. అయినా అలసిపోయి ఉన్నాడేమో, తలూపాడు.

అందుకే తెల్లవారీ తెల్లవారకుండా వెళ్లి ఆవంలో దూరి అరలు సర్దుకుంటున్నాడు. వెళ్తూ వెళ్తూ జగ్గన్నకి మరీ మరీ చెప్పాడు. "నిచ్చెన మీద గడ్డి పరిచి తీసుకురండి. దుమ్ము పడకుండా గుడ్డ కప్పండి. కుదుపులొద్దు, కబుర్లొద్దు, మెల్లిగా నడవండి."

జగ్గన్న పొల్లుపోకుండా అలాగే చేశాడు. చిన్నవన్నీ ముందే చేరవేశాక మిగిలిన పెద్ద కూజా దాదాపు మనిషెత్తు ఉంటుంది. దాన్ని వెదురు నిచ్చెన మీద పడుకోబెట్టి, ఆ కొసనుంచి ఈ కొసకి తెల్లపంచె కప్పాడు. ఆవం పూజకి తెచ్చిన బంతిపూల దండ పెట్టుకోవడానికి చోటు లేక దానిమీదే పెట్టాడు. నలుగురు మనుషులు భుజాలకెత్తుకున్నారు. అగ్గిపెట్టె దొరకడం గగనమైపోయిన రోజులు. పనివాడు పోతన్న, ఇంటి పొయ్యిలోని నిప్పులు కొత్త కుండలో వేసుకుని, చెయ్యి కాలకుండా తాడు కట్టి వేలాడదీసుకుని, ముందు నడిచాడు. ఎవరూ నోరు మెదపలేదు. త్రినాధరావు భార్య కనకమహాలక్ష్మి గుమ్మంలో నిలబడి, ఆ పొగకి కళ్లు తుడుచుకుంది. చూసేవాళ్లకి ఇంకేం కావాలి?

ఎదురింటి కొండలమ్మ చూసింది. ఎవరని అడగాల్సిన పనే లేకపోయింది. ఆ ఇంట్లో ఉన్న మగాడు ఒక్కడే కదా!

"ఓలమ్మో, బొమ్మల బాబు ఎలిపోనాడే!" అని గుండెలు బాదుకుంది.

ఎవరు పోయినా ఇంటికో కట్టె కాటికి పంపడం ఆ ఊరి ఆచారం. కొండలమ్మ పెరట్లో వానాకాలానికని దాచుకున్న తుమ్మమొద్దు తీసింది. ఆమెని చూసి పక్కిల్లు, పక్కింటిని చూసి వీధి, వీధిని చూసి ఊరు, తలో కట్టె పట్టుకుని పొలానికి బయల్దేరారు. అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం బండి తోలుకుపోతున్న బుల్లిబాబు, అడక్కుండానే కబురు కూడా మోసుకుపోయాడు.

జనం చేరేసరికి కూజాలన్నీ అరల్లోకి ఎక్కాయి, పొయ్యి రాజుకుంది. త్రినాధరావు ఆవం వెనకనుంచి నిలువెల్లా బూడిదతో ఇవతలికొచ్చాడు.

"అమ్మో, లెగిసొచ్చేడ్రా!" అని సగంమంది చెరకు తోటలో పడ్డారు.

మిగతావాళ్లకి జగ్గన్న దండం పెట్టి మరీ చెప్పుకున్నాడు. "కూజాలు మావా! కూజాలు మోసుకొచ్చేం గానీ, బాబు గుండ్రాయిలాగున్నాడు!"

"బతికే ఉన్నాను. క్షమించండి," అన్నాడు త్రినాధరావు, నేరం తనదే అయినట్టు. "మీ కట్టెలు మీరు పట్టుకెళ్లండి."

కొండలమ్మ చెంపలు వాయించుకుంది. "కాటికిచ్చిన కట్టె ఎనక్కి ఇంటికి తెచ్చుకుంతారేటి బాబూ? అరిష్టం కాదా? నీ పేరున ఇచ్చేసేం, నువ్వే తగలెట్టుకో! నీ మూలాన ఈ చలిలో తలమీంచి తానాలొకటి మాకు!"

కట్టెలన్నీ అక్కడే పడేసి, అతను బతికున్నందుకు సణుక్కుంటూ అందరూ ఏటికి వెళ్లిపోయారు. త్రినాధరావు ఆ గుట్టని చూశాడు. మూడేళ్లలో అన్ని కట్టెలు ఒక్కచోట చూసిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం తిరిగేసరికి ఆవం పొయ్యి తెల్లగా మండుతోంది. ఒక్క క్షణం ఏమరినా మంట తగ్గుతుంది. అతనూ జగ్గన్నా వెనకవైపు నిలబడి, చెమటతో, కట్టెమీద కట్టె తోస్తున్నారు. అప్పుడు ముందువైపు జట్కాలు ఆగాయి. అప్పారావు, ఆయన వెంట పదిమంది బెల్లం వర్తకులూ దిగారు. పైకి లేస్తున్న పొగ చూడగానే అప్పారావు కూలబడ్డాడు.

"నిప్పెట్టేసేరా! నానొచ్చేదాకా ఆగనేకపోనారా!"

"మావయ్యా!" అని త్రినాధరావు కేకేశాడు. మంట హోరులో ఎవరికీ వినపడలేదు.

"కుండలు సేసుకుంతానన్నోణ్ని కొట్లో కూకోమని సంపేసేన్రా! ఎల్లకాలం కుండలే సేసుకో నాయనా, నానేటీ అనను! ఇదిగో, ఈ నలుగురి ఎదరా సెప్తన్నాను!"

త్రినాధరావు రెండోసారి పిలవబోయి ఆగాడు. ఇలాంటి మాటలు బతికుండగా వినే యోగం ఎంతమందికి ఉంటుంది? కడుపు నిండా విన్నాడు. తీరా చేతికందే కట్టెలు అయిపోయాయి, మిగిలినవి అప్పారావు పక్కనున్నాయి.

"మావయ్యా," అన్నాడు ఆవం పక్కనుంచి తల పెట్టి, "ఆ తుమ్మమొద్దు కాస్త ఇలా అందుకుంటారా?"

అప్పారావు అందించాడు. అందించాక కెవ్వుమన్నాడు. సంగతి తెలిసి, గుండె కుదుటపడ్డాక, మండిపడ్డాడు. "బజారు బజారంతా మూయించేసొచ్చేనయ్యా! ఇప్పుడు నా మొకం ఎక్కడెట్టుకోను?"

ఈలోగా జగ్గన్న ఇనపకడ్డీతో ఆవం కంతలోంచి పరీక్షకని పెట్టిన చిన్న మట్టి ఉంగరాన్ని లాగి, నీళ్లలో వేశాడు. బుస్సుమంది. బయటికి తీస్తే నీలంగా, తళతళా మెరుస్తోంది. దాన్ని అరచేతిలో పెట్టుకున్న త్రినాధరావుకి ఏడుపొచ్చేసింది. ఇది మాత్రం పొగవల్ల కాదు.

అప్పారావు కూడా చూశాడు. చూసి, వర్తకుడు గనక వెంటనే తేరుకున్నాడు. "మెరుపు బాగానే ఉందిలే. మరి కాటి కట్టెల్తో కాల్సిన కూజా ఎవడింట్లో ఎట్టుకుంతాడు? నీకు కొట్టే గతి."

"మరి ఇందాక మాటిచ్చారు కదా?"

"అది సచ్చిపోనోడికిచ్చేను. బతికున్నోడికేటి సమ్మందం?"

త్రినాధరావుకి వాదించే ఓపిక లేదు. ఏడుపులు విని పరుగెత్తుకొచ్చిన కనకమహాలక్ష్మి, పమిట బిగించి తండ్రికి ఎదురు నిలబడింది.

"కాటికిచ్చిన కట్టే ఎనక్కి రాదు గదా నాన్నా. కాటికాడిచ్చిన మాట ఎలాగొత్తాది? ఎనక్కి తీసుకుంతే అరిష్టం నీకే."

వర్తకులందరూ తలలూపారు. "నిజవే బావా, అమ్మాయి నాయమే సెప్పింది," అన్నారు. బజారు మూయించి తీసుకొచ్చిన సాక్షులాయె. అప్పారావు అల్లుడివైపు, ఆవంవైపు, కూతురివైపు చూసి జట్కా ఎక్కాడు.

"సేసుకోండి. ఏటైనా సేసుకోండి."

పొద్దు వాలాక ఆవం నోరు మట్టితో మూసేసి, త్రినాధరావు అక్కడే నేలమీద నడుం వాల్చాడు. దోమలకి ముఖం మీద కండువా కప్పుకున్నాడు. కన్ను అంటుకుంటుండగా ఎడ్లబండి ఆగిన చప్పుడైంది. మాకవరపాలెం నుంచి అప్పారావు అక్క, ఆవిడ కోడళ్లూ దిగి, అతన్ని చూసి ఒక్కసారిగా గొల్లుమన్నారు.

బతికే ఉన్నానని లేచి చెప్పే ఓపిక త్రినాధరావుకి లేకపోయింది.