మసికాగితం మీద నాడి

ఆ పొద్దున గడియారాలాయన అనుకున్నది ఒక్కటే. డాక్టరుగారు బాగుచేయమని ఇచ్చిన పాత యంత్రాన్ని మధ్యాహ్నంలోగా ముగించాలి. దాని పేరు స్ఫిగ్మోగ్రాఫ్. ఆ పేరు పలికేలోగా రోగికి సగం జబ్బు తగ్గేదేమో. మణికట్టుకు పట్టీ కట్టి, స్ప్రింగు కింది బొడిపెను నాడి మీద ఆనిస్తే, పైనున్న సన్నటి ముల్లు ఎగిరెగిరి మసిపట్టిన కాగితం మీద గీత గీస్తుంది. ఆసుపత్రి అటక మీద దొరికిందట. అద్దాల బీరువాలో పెట్టాలని డాక్టరుగారి ముచ్చట.

యంత్రం కదిలింది. పరీక్షకు ఒక చెయ్యి కావాలి. భార్య అప్పుడే ఎదుటి టైలరు కొట్టు నుంచి నవ్వుకుంటూ వస్తోంది. ఆ నవ్వు చూస్తే కొంతకాలంగా ఆయనకు ఒంటికి కారం రాసినట్టుంటోంది. చిరిగిన దిండు గలేబు కుట్టించడానికి మనిషి అంత నవ్వాలా?

"చెయ్యి ఇలా పెట్టు," అన్నాడు.

పట్టీ వదులుగా ఉంది. చిన్న సామాను ఏదైనా కదలకుండా బొటనవేలితో అదిమిపట్టడం ఆయన చేతికి పడిపోయిన అలవాటు. ఇక్కడా అలాగే బొడిపె కింద వేలు దూర్చి పట్టుకున్నాడు. ముల్లు బుద్ధిగా గీసుకుంటూ పోయింది. పేరు వింటే నాడి మారుతుందేమో చూద్దామని పాలాయన మాట ఎత్తాడు, గీత మారలేదు. బావమరిది మాట ఎత్తాడు, మారలేదు.

"టైలరు," అన్నాడు.

ముల్లు కాగితం అంచు దాకా ఎగిరింది.

కాగితం చూపించి ఇదేమిటని అడిగాడు. ఆవిడ గీతను చూసింది, మొగుణ్ణి చూసింది. "నన్నడుగుతారేం? దాన్నే అడగండి," అని దుకాణం వెనక గదిలోకి పోయింది. లోపల బట్టల పెట్టె తెరిచిన చప్పుడయింది.

గుట్టుగా ఉంచమని చెప్పి ఆ కాగితాన్ని పక్క సెలూనాయనకు చూపించాడు. సెలూనాయన నోట్లో నువ్వుగింజ నానదు. అయితే ముందు తన భయం తనకు పట్టుకుంది. ఆయన భార్య కూడా అక్కడే బట్టలు కుట్టించుకుంటుంది. ఆవిణ్ణి పిలుచుకొచ్చి యంత్రం ముందు కూర్చోబెట్టాడు. గడియారాలాయన అలాగే వేలు పెట్టి పట్టుకున్నాడు. టైలరు పేరు ఎత్తగానే ముల్లు ఎగిరింది. రొట్టెల కొట్టాయన తన భార్యను తెచ్చాడు. ఎగిరింది. సైకిళ్ళాయన తన భార్యను తెచ్చాడు. ఇంకా ఎగిరింది. ఒక వీధి ఆడవాళ్ళ గుండెలన్నీ ఒక్క కత్తెర కోసమే కొట్టుకుంటున్నాయని తేలిపోయింది.

మగవాళ్ళంతా వెళ్ళి, సాయంత్రానికల్లా కొట్టు ఖాళీ చేయమని టైలరుకు చెప్పారు. టేపు మెడలో ఉండగానే అతను పరుగెత్తుకొచ్చి గడియారాలాయన ముందు నిలబడ్డాడు. "నాకు కొలతలు తప్ప ఇంకేం తెలీదన్నా," అన్నాడు. ఎవరూ వినలేదు.

అప్పుడే వెనక గదిలోంచి భార్య సంచీతో బయటికొచ్చింది. అన్నగారింటికి పోతున్నట్టు ముఖమే చెబుతోంది. గడియారాలాయన పట్టీ సరిచేస్తున్నట్టు యంత్రం మీదికి వంగాడు.

ఇంతలో సెలూనాయన తల్లి వచ్చి స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది. జనం మూగారు కదా, మోకాళ్ళ నొప్పులకు వైద్యమనుకుంది. వద్దంటే ఆవిడ వినే మనిషి కాదు. వినపడదు కూడా. గడియారాలాయన అలవాటుగా వేలు పెట్టి పట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరో "టైలరు" అన్నారు. ముల్లు ఎగిరింది.

"అమ్మా, నువ్వు కూడానా?" అన్నాడు సెలూనాయన నీరసంగా.

గడియారాలాయన భార్య సంచీ కింద పెట్టి సెలూనాయన వైపు తిరిగింది. "అన్నయ్యా, పెద్దమ్మ పక్కన టపాకాయ పేలినా తల తిప్పదు. టైలరు పేరు ఎలా విందీ?"

ఆవిడ వంగి యంత్రాన్ని చూసింది, తర్వాత మొగుడి బొటనవేలిని చూసింది.

"వేలు తీయండి."

తీశాడు. ఆవిడ టైలరు పేరు చెప్పింది. పెద్దమ్మ నాడి నిద్రపోతున్నట్టు సాగింది. మళ్ళీ వేలు పెట్టమని, మళ్ళీ చెప్పింది. ముల్లు ఎగిరి కాగితం చింపింది. ఎగురుతున్నది ఆయన వేలి నాడే.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం విన్నాను," అంది. "బొటనవేలు తడుముకోవడం ఇదే చూడటం."

మొగుళ్ళంతా పెళ్ళాల వెనక తలలు దించుకుని ఇళ్ళకు నడిచారు. గడియారాలాయన టైలరు చేతులు పట్టుకుని, తప్పయిందని వీధి వినేలా చెప్పాడు.

"పర్లేదన్నా," అన్నాడు టైలరు. "నా పేరు చెబితే మా ఇంట్లోనే ఎవరి గుండే అంతలా కొట్టుకోదు."

భార్య ఇంకా గుమ్మంలోనే ఉంది. "అక్కడ ఎందుకు నవ్వుతానో ఒక్కసారన్నా అడిగారా?" అంది. "అతను మాట్లాడతాడు. మీరు గడియారాలతో తప్ప మాట్లాడరు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "అన్నం తిన్నావా?" అని అడిగాడు. ఆవిడకు నవ్వొచ్చింది. ఆయన సంచీ తీసుకెళ్ళి లోపల పెట్టాడు.

సాయంత్రం డాక్టరుగారు వచ్చారు. యంత్రంలో మిగిలిపోయిన చిరుగు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశారు. "ఈ నాడి ఎవరిదోగానీ, ఆ మనిషిని ఎవరన్నా దగ్గరుండి చూసుకోవాలి," అన్నారు.

"పెళ్ళయినప్పటి నుంచీ అదే పనండీ," అంది భార్య.