చేతులకు జేబులు

బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లు అయిపోయి తోర్వా పేట మొదలయ్యే చోట ఉన్న సుస్వర బధిర విద్యాలయం, తన విద్యార్థుల ఉజ్వల భవిష్యత్తును దృష్టిలో పెట్టుకుని, ఈ విద్యా సంవత్సరం నుంచి చేతులను నిషేధించింది. చేతులు పూర్తిగా పనికిరావని కాదు. అన్నం తినడానికి, నోట్సు రాసుకోవడానికి, అతిథులు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టడానికి వాటిని యథావిధిగా వాడుకోవచ్చు. మాట్లాడడానికి మాత్రం వాడరాదు. మాట్లాడడానికి భగవంతుడు నోరిచ్చాడని, చెవులు ఇవ్వకపోవడం వేరే విషయమని ప్రిన్సిపాల్ మీనాక్షి మేడమ్ ప్రార్థన సమావేశంలో మైకు పట్టుకుని ప్రకటించారు. విద్యార్థులెవరికీ అది వినపడలేదు. కాబట్టి అభ్యంతరం చెప్పినవారు లేరు. నియమం ఏకగ్రీవంగా అమల్లోకి వచ్చింది.

పిల్లలు చేతులను జేబుల్లో పెట్టుకోవాలన్నారు. ఆడపిల్లల యూనిఫారానికి జేబులు లేవని ఎవరో గుర్తుచేస్తే, బడిలోనే ఉన్న కుట్టుపని బ్యాచ్ చేత కుట్టించాలని నిర్ణయించారు. లోతుగా, మణికట్టు దాకా మునిగేలా.

ఈ బడికి గర్వకారణం దిలీప్. లోకో షెడ్డులో పనిచేసే రాజేంద్ర కొడుకు, పదహారేళ్లవాడు, పుట్టుకతోనే వినపడదు. గర్వకారణం ఎందుకంటే అతను మాట్లాడతాడు. ఏం మాట్లాడతాడంటే, "మహోదయ్, హమ్ సబ్ యహాఁ బహుత్ ప్రసన్న్ హైఁ" అంటాడు. అయ్యా, మేమంతా ఇక్కడ చాలా సంతోషంగా ఉన్నాం అని. దానికి ముందు గానీ వెనక గానీ మరో వాక్యం లేదు. ఆ ఒక్కదానికే ఆరేళ్లు పట్టింది. పెదవుల ముందు కాగితం ముక్క వేలాడదీసి, 'ప' అంటే అది ఎగరాలన్నారు. టీచరు గొంతు మీద వేళ్లు పెట్టి అదురు పట్టుకోమన్నారు. 'ప్రసన్న్' అన్న మాట దగ్గర ఒక ఎండాకాలం మొత్తం గడిచిపోయింది. ఆ ఎండాకాలంలో దిలీప్ ఒక్కరోజు కూడా ప్రసన్నంగా లేడు. అయినా మాట వచ్చాక, నిజం చెప్పాలంటే, అతనికి కొంచెం తలకెక్కింది. కలెక్టరాఫీసు నుంచి ఎవరొచ్చినా ముందు వరుసలో తననే నిలబెడతారు మరి.

బడివారు ఇంటికి కూడా ఒక విధానం ఇచ్చారు. బిడ్డతో హిందీలోనే మాట్లాడాలి, సైగ చేయకూడదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. తల్లి ఉషారాణికి హిందీ కూడా బాగానే వచ్చు, కూరల బజారులో నేర్చుకుంది. బేరమాడడం, తిట్టడం ధారాళంగా వచ్చు. అందుచేత రెండేళ్లపాటు ఆమె కన్నకొడుకును బేరమాడుతూ, తిడుతూ ముద్దు చేసింది. తెలుగులోకి దిగితే ఇంకో చిక్కు. పెదవుల మీద ప, బ, మ ఒక్కలాగే కనిపిస్తాయి. "పప్పు?" అని ఆమె అడిగితే "బాబూ" అని పిలిచిందనుకుని దిలీప్ తలూపేవాడు. కంచంలో పప్పు పడేది. వాడికి పప్పంటే ప్రాణమని చుట్టాలంతా చెప్పుకుంటారు. అతనికి పప్పు గిట్టదు. చివరికి ఒకరోజు ఉషారాణి వంటింటి కర్టెన్ లాగి, చేతులు తుడుచుకుని, వాటితోనే మాట్లాడడం మొదలుపెట్టింది.

"బయట ఎక్కడా అనకండి. మేడమ్‌కి తెలిస్తే బాగోదు" అని భర్తకు చెప్పింది.

బడిలో దిలీప్ పక్కన కూర్చునేది శ్వేత. అదే జిల్లాలో కోటా అనే ఊరి దగ్గర కూరగాయలు పండించేవాళ్ల అమ్మాయి, హాస్టల్లో ఉంటుంది. నోట ఒక్క మాటా రాదు. లెక్కలు మాత్రం ఆమెకు అన్నం కలుపుకున్నంత సులువు. దిలీప్ తొమ్మిదో తరగతి దాకా ఆమె నోట్సు మీదే నడిచి వచ్చాడు. పిల్లలు ఒకరికొకరు పెట్టుకునే చేతి పేర్లలో దిలీప్‌కి ఆమె పెట్టినది చిలక. ముక్కు దగ్గర వేలు వంచితే దిలీప్ అని అర్థం. అది పొగడ్త అనుకుని అతను చాలాకాలం మురిసిపోయాడు.

పదో తరగతికి పంపేముందు స్వర పరీక్ష పెట్టారు. లెక్క బోర్డు మీద ఉంటుంది, జవాబు నోటితో చెప్పాలి. శ్వేత లెక్క చూసింది, సుద్దముక్క తీసుకుని జవాబు రాసింది, పక్కకు నిలబడింది. రాయడం కాదు, చెప్పమన్నారు. నోరు తెరిచింది. వచ్చిన శబ్దానికి టీచర్లు ఎంతో జాలిపడి సున్నా వేశారు. తర్వాత దిలీప్ వచ్చాడు. అతని లెక్కకు జవాబు పద్దెనిమిది. అతను "గ్యారహ్" అన్నాడు, పదకొండు అని, గంట కొట్టినట్టు. ఉచ్చారణకు ఎనిమిది మార్కులు వచ్చాయి. జవాబు తప్పయినందుకు రెండే పోయాయి. దిలీప్ పదో తరగతికి వెళ్లాడు. శ్వేత కుట్టుపని బ్యాచ్‌కి వెళ్లి, ఆడపిల్లలకు జేబులు కుట్టడం మొదలుపెట్టింది.

పదో తరగతిలో లెక్కల మాస్టారు బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతారు. మనిషి వెనక తల చూసి పెదవులు చదవడం దిలీప్‌కి ఇంకా పట్టుబడలేదు. తనకు లెక్కలు రావని, ఇన్నాళ్లూ వచ్చినవి శ్వేతకని అప్పుడు తెలిసింది. ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. న్యాయం కోసం వెళ్లాడని రాస్తే బాగుంటుంది గానీ, మర్నాడు యూనిట్ టెస్టు ఉంది.

"శ్వేత... గణిత్... అచ్ఛా" అన్నాడు, చెమటలు కక్కుతూ. శ్వేతకి లెక్కలు బాగా వచ్చని అతని ఉద్దేశం.

మేడమ్ కళ్లు చెమర్చాయి. "గణిత్! 'ణ' ఎంత చక్కగా పలికావు బేటా! ఇంకోసారి అను."

"గణిత్. శ్వేత."

"శాబాష్. శ్వేత అన్నప్పుడు కింది పెదవి పళ్లకు తాకాలి. ఇలా."

మొర పెట్టుకోవడానికి వెళ్లినవాడు చేతిలో చాక్లెట్‌తో, నోట్లో మెరుగైన ణకారంతో తిరిగొచ్చాడు.

డిసెంబరులో వార్షికోత్సవం వచ్చింది. ముఖ్య అతిథి కామేశ్వరరావు గారు. ఒక బ్యాంకులో పెద్ద అధికారి, ఈ బధిర విద్యాలయానికి ఖరీదైన సౌండ్ సిస్టమ్ బహూకరించిన వదాన్యుడు. ఇలాంటి బడికి వచ్చిన అతిథులు సైగల పాట ఆశిస్తారు. అది చూడందే వాళ్లకు కన్నీళ్లు రావు, కన్నీళ్లు రానిదే విరాళాలు రావు. కనుక పాట సాగినంతసేపు చేతుల మీద నిషేధాన్ని సడలించారు. డ్రిల్ మాస్టారు ఫోనులో ఏదో వీడియో చూసి పిల్లలకు దేశభక్తి గీతం నేర్పారు. 'దేశం' అనే చోట ఆయన నేర్పిన సైగకు పిల్లల భాషలో సమోసా అని అర్థం. ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే జేబుల్లోంచి చేతులు తియ్యాలి.

తెల్ల గ్లవ్స్ తొడుక్కుని దిలీప్ స్టేజీ ఎక్కాడు. తెర పక్కన శ్వేత సూదీ దారంతో నిలబడి ఉంది, ఎవరి బట్టయినా చిరిగితే కుట్టడానికి. అతన్ని చూసి ముక్కు దగ్గర వేలు వంచింది. ఆమె ముఖంలో నవ్వు లేదు. దిలీప్‌కి ఒళ్లు భగ్గుమంది, ఎవరి మీదో తేల్చుకునే టైము లేదు. పాట మొదలైందని మాస్టారు చెయ్యి ఊపారు. దిలీప్ పాట వదిలేసి, ఆ చేతులతోనే మాట్లాడాడు.

"ఇక్కడ చేతులతో మాట్లాడితే శిక్ష. ఇవ్వాళ మీకోసం సెలవు. శ్వేతకి లెక్కలొచ్చు, నాకు రావు. ఆమె జేబులు కుడుతోంది, నేను పదో తరగతిలో కూర్చుని మాస్టారి బట్టతల చదువుతున్నాను. ఈ పాటలో మేమంతా జై కొట్టేది సమోసాకి."

పక్కనున్న పిల్లలు పాట ఆపి, అతను చెప్పిందే తామూ చెప్పడం మొదలుపెట్టారు. కింద కూర్చున్న హాస్టల్ పిల్లలు నవ్వలేక ఒకరి మీద ఒకరు పడ్డారు. అతిథులు ఏడ్చారు. మేడమ్ ఏడ్చారు. కామేశ్వరరావు గారు కళ్లు తుడుచుకుంటూ లేచి నిలబడితే హాలంతా లేచింది. దిలీప్ జీవితంలో మొదటిసారి నలుగురి ముందు మనసులో మాట చెప్పాడు, దానికి చప్పట్లు మిన్నంటాయి, పెద్దల్లో ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు.

ఒక్కరికి తప్ప. తల్లిదండ్రుల వరుసలోంచి ఉషారాణి కొంగు దోపుకుని స్టేజీ ఎక్కి మైకు లాక్కుంది.

"ఏటండీ, సప్పట్లు కొడతన్నారు? మావోడేటన్నాడో తెలిసిందేటి మీకు?"

తెలుగు విని కామేశ్వరరావు గారు ఆనందించారు. "తెలుగువారా అమ్మా! ఏ ఊరు?"

"చీపురుపల్లి అవతలండి. ఊరి సంగతి తర్వాత. లెక్కలన్నీ చేసే పిల్ల అదిగో, సూది పట్టుకుని నిలబడింది సూడండి. ఏటీ రాని మావోడు క్లాసులో కూకున్నాడు, సిగ్గుతో సచ్చిపోతన్నాడు. నోరున్నోడికేనేటండీ సదువు?"

కొత్త సౌండ్ సిస్టమ్ ఆ మాటను వీధి చివరి దాకా మోసింది. దిలీప్‌కి వినపడలేదు. అతనికి కనిపించింది వేరు. అమ్మ నోటితో పాటు అమ్మ ఖాళీ చెయ్యి కూడా మాట్లాడుతోంది, ఊరందరి ముందు, కర్టెన్ లేకుండా. అతను గ్లవ్స్‌తోనే ముఖం కప్పుకున్నాడు.

కామేశ్వరరావు గారు ప్రసంగించారు. "ఈ మాతృమూర్తి నా కళ్లు తెరిపించింది. ఆ బాలికను తక్షణం పదో తరగతిలో చేర్చుకోవాలని వినమ్రంగా సూచిస్తున్నాను." మేడమ్ మరింత వినమ్రంగా అంగీకరించారు. కానీ విధానం విధానమే గనక, శ్వేత జవాబులను దిలీప్ తన నోటితో చెప్పాలని, ఇది స్వర విద్యకే విజయమని ప్రకటించారు. మళ్లీ చప్పట్లు.

ఆ రోజు నుంచి శ్వేత బెంచీ కింద చేత్తో జవాబు చూపేది, దిలీప్ లేచి నిలబడి పలికేవాడు. తనిఖీకి వచ్చినవాళ్లు అతని గణిత ప్రతిభకు ఆశ్చర్యపోయారు. కోపం వచ్చిన రోజున శ్వేత తప్పు జవాబు చూపేది. దిలీప్ దాన్నీ అంతే స్పష్టంగా పలికేవాడు, అప్పుడూ మెచ్చుకున్నారు. సాయంత్రాలు హాస్టల్ వరండాలో ఆమె అతనికి మొదటి నుంచీ లెక్కలు చెప్పింది. అతని బుర్రను చూసి రోజుకోసారి నెత్తి కొట్టుకునేది. ఆమెది కాదు, అతనిది.

బోర్డు పరీక్షలో ఎవరి నోటినీ ఎవరూ అడగలేదు. లెక్కల్లో శ్వేత జిల్లా మొత్తానికి పైన నిలిచింది. దిలీప్ గట్టెక్కాడు. బడి గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు, 'గణితంలో మా ఘన విజయం' అని. దాని మీద మైకు ముందు నిలబడ్డ దిలీప్ ఫొటో వేశారు. శ్వేత ఫొటోల్లో చేతులు కదిలి మసకగా వచ్చాయట.

పేపరు విలేఖరి వచ్చి దిలీప్ ముందు ఫోను పెట్టాడు. దిలీప్ శ్వేత వైపు చూపించాడు. విలేఖరి ఫోను ఆమె నోటి దగ్గర పెట్టి, కాసేపు మర్యాదగా ఎదురుచూసి, మళ్లీ దిలీప్ వైపు తిప్పాడు.

ఆయన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. ఈ కథ రాసినవాళ్లూ అదే చేశారు. పాఠకులైన మీరూ, సహృదయులు గనక, మొదటి నుంచీ దిలీప్ ఏమవుతాడోనని కంగారుపడ్డారు. లెక్కలొచ్చిన పిల్ల సూది పట్టుకున్నప్పుడు ఏమనుకుందో మీలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది. చాలా చెప్పేది.