అమెరికా నవలకు స్లాబు పోసిన విధం

పందొమ్మిదో శతాబ్దపు అమెరికా రచయిత్రి మార్తా ఎల్డర్విన్ రాసిన ఆరువందల పేజీల నవలను బొంబాయిలోని మా కామాఠీపుర తెలుగు కార్మిక విద్యా ప్రోత్సాహక సంఘం మొన్న మే నెలలో ఒక ఆదివారం ఉదయం తొమ్మిదికి ప్రారంభించి, సాయంత్రం నాలుగున్నరకు, ఎవరికీ దెబ్బలు తగలకుండా పూర్తి చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సంఘం సహాయ కార్యదర్శిగా ఈ వివరాలు రాయడం నా బాధ్యత.

గదికొక కాపురం ఉండే మా భవనాన్ని ఇక్కడ చాలు అంటారు. దాని మూడో అంతస్తులో ఉండే మంగేష్ కూతురు ప్రతీక్ష ఎమ్మే ఇంగ్లీషు చదువుతోంది. మా చాలులో అంతదాకా వెళ్ళిన మొదటి మనిషి. చివరి ఏడాది ఒక రచయిత మీద ప్రాజెక్టు రాసి, మౌఖిక పరీక్షకు నిలబడాలి. కాలేజీ వారు ఆమెకు ఎల్డర్విన్‌ను కేటాయించారు. ఎల్డర్విన్‌నే ఎందుకంటే, జాబితాలో ప్రతీక్ష పేరుకు ఎదురుగా ఆ పేరు ఉంది. నవల కాలేజీ లైబ్రరీలో ఉంది. అంటే రిజిస్టరులో ఉంది. గైడుగారు "ఈ కాలంలో పుస్తకాలెందుకమ్మా" అని నలభై ఏడు ఆన్‌లైన్ వనరుల జాబితా దయచేశారు.

మంగేష్ కొరియర్ ఆఫీసులో పనిచేస్తాడు, మాట మీద నిలబడే మనిషి. కూతురితో స్పష్టంగా చెప్పాడు: "పాసైనవనుకో, పీహెచ్‌డీ చెయ్యి. నేను పెండ్లి మాట ఎత్త. ఫెయిలైతే శ్రావణంల భివండి పిల్లగాడు. బస్."

భివండి పిల్లవాడికి రెండు మగ్గాలు, ఒక బుల్లెట్ బండి, చదువు పట్ల అపారమైన గౌరవం ఉన్నాయి. ఆ గౌరవం కొద్దీ తొమ్మిదో తరగతి నుంచి దానికి దూరంగానే నిలబడ్డాడు.

నలభై ఏడు వనరులూ దేనికదే సాటి. పదకొండు తెరుచుకోలేదు. తొమ్మిది, తమరు ఏ అమెరికా విశ్వవిద్యాలయంలో ఆచార్యులో తెలపమన్నాయి. ఆరు చోట్ల రచయిత్రి ముఖం అచ్చువేసిన టీ కప్పులు అమ్ముతున్నారు. ఎల్డర్విన్ అధ్యయన సమాజం వారి తాజా వార్తలలో 2009 నాటి తేనీటి విందు, అందులో బిస్కట్లు చాలకపోవడం వివరంగా ఉన్నాయి. ఇంకొక చోట 'ఎల్డర్విన్ పాత్రల్లో మీరెవరు?' అని పది ప్రశ్నలడిగారు. ప్రతీక్ష నిజాయితీగా జవాబులిస్తే, ఆమె మూడో అధ్యాయంలోని గుర్రమని తేలింది. ఒక కృత్రిమ మేధ సహాయకుణ్ణి అడిగితే, కథానాయిక చివర సముద్రంలో మునిగి చనిపోతుందన్నాడు. నవలలో సముద్రం ఉందా అని అడగ్గానే క్షమాపణ చెప్పి, ఆమెను బతికించి, ఇద్దరు పిల్లల్ని కూడా ఇచ్చాడు.

నలభై ఏడో లింకులో మాత్రం నవల మొత్తం ఉంది. అయితే ఒక ఫోన్ నంబరుకు ఏవైనా పదిహేను పేజీలే ఉచితం. ఆ తర్వాత డాలర్లు. ప్రాజెక్టు ఇవ్వాల్సింది సోమవారం. ఈ సంగతి తెలిసేటప్పటికి శనివారం మధ్యాహ్నమైంది. ప్రతీక్ష గ్యాలరీ కటకటాలు పట్టుకుని ఏడుస్తుంటే సంఘం అధ్యక్షుడు వెంకటయ్య చూశారు.

వెంకటయ్య ముప్పై ఏళ్ళు భవనాల పనుల్లో కూలీల గుంపు మేస్త్రీగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. వెంటనే అందరినీ నీళ్ళ పంపు దగ్గర సమావేశపరిచి, బకెట్ బోర్లించి దానిమీద నిలబడి ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! మన తాతలు పాలమూరు నుంచొచ్చి ఈ బొంబాయి కట్టిండ్రు. గంత పట్నం కట్టినోళ్ళకు ఒక బుక్కు లెక్కనా? ఆరువందల తట్టలు. నలభై ఫోన్లు. మనిషికి పదిహేను. పొద్దుగూకే లోపల స్లాబు పడాలె!"

చప్పట్లు మోగాయి. స్లాబు పనంటే తెలియని పాఠకులుండరు. మనుషులు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టను చేతి నుంచి చేతికి అందిస్తారు. మధ్యలో ఎవరూ ఆగకూడదు. అదే విధంగా ప్రతి ఒక్కరూ తమ పదిహేను పేజీలను ఫోన్‌లోనే తెలుగులోకో మరాఠీలోకో హిందీలోకో మార్చుకుని చదివి, పక్కవారి నుంచి అందిన కథకు తమ ముక్క కలిపి ముందుకు చెప్పాలి. వరుస పంపు దగ్గర మొదలై మెట్లెక్కి మూడో అంతస్తుకు చేరుతుంది. అక్కడ ప్రతీక్ష కూర్చుని రాసుకుంటుంది. ఇది పనిని పంచుకోవడంలో అత్యాధునిక పద్ధతి.

అలాగే, స్లాబును ఎప్పుడూ దూరపు మూల నుంచి మొదలుపెట్టి మెట్ల వైపు వెనక్కి వస్తూ పోస్తారు. మెట్ల దగ్గరే మొదలుపెడితే పచ్చి కాంక్రీటును తొక్కుకుంటూ పోవాలి. ఇంత అనుభవం ఉన్న మనిషి గనుక వెంకటయ్య, ఆదివారం కొబ్బరికాయ కొట్టి, నవల చివరి పదిహేను పేజీలతో పని ప్రారంభించారు.

పని చురుగ్గా సాగింది. మొదటి అంతస్తు పోచమ్మకు ఒక్క సందేహం వచ్చింది. "ఈమె మొగుడు ఇందాకనే సచ్చిండంటిరి గద, మళ్ళెట్ల లేచి కూసున్నడు?"

"తట్ట ఏడికెళ్ళొచ్చిందని అడుగుతరానే? అందుకో, అందియ్యి!" అన్నారు వెంకటయ్య.

కథ ఈ ప్రకారం పైకి చేరింది. మంచులో మొగుడి సమాధి దగ్గర ఒక ఆడమనిషి ఒంటరిగా నిలబడి ఉంటుంది. మొగుడు సమాధి నుంచి లేచి మంచం పడతాడు. తర్వాత కోలుకుని ఆమెను కొడతాడు. క్రమంగా కొట్టడం తగ్గిస్తాడు, తాగుడు మానేస్తాడు, మర్యాదస్తుడై పూలు తెస్తాడు. పెళ్ళవుతుంది. పెళ్ళి కాగానే ఆమె పుట్టింటికి వచ్చేస్తుంది. పెట్టెలో పెట్టి తాళం వేసిన పుస్తకాలు బయటికి వస్తాయి. చివరికి పన్నెండేళ్ళ పిల్లయి, పలక పట్టుకుని బడికి పరుగెత్తుతుంది.

మూడో అంతస్తు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంత మంచి ముగింపు ఏ సీరియల్లోనూ చూడలేదన్నారు.

రాసుకున్న కాగితాలు సర్దుతుంటే, పక్కన వేసుకున్న నవల పేజీల అంకెలు దిగుతూ ఉండటం ప్రతీక్ష గమనించింది. "తాతా, కథ మొత్తం ఉల్టా పడ్డది!"

"ఉల్టా కాదు బిడ్డా, పద్ధతి. నేను పోసిన స్లాబు ఒక్కటన్న వానకు ఉరిసిందా?"

ప్రతీక్ష కథను సరిచేయడానికి కలం తీసింది. పక్కగది కిష్టమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అరే, ఏం జేస్తున్నవే? పోరి ఇప్పుడిప్పుడే అమ్మగారింటికి మల్లొచ్చింది. బడికి వోతున్నది. మళ్ళ ఆ తాగుబోతోని దగ్గరికి తోలుతవా?"

ప్రతీక్ష తలుపు దగ్గర నిలబడ్డ తండ్రిని ఒకసారి చూసింది. కలానికి మూత పెట్టింది. సోమవారం ప్రాజెక్టు ఉన్నదున్నట్టుగా వెళ్ళిపోయింది.

మౌఖిక పరీక్షకు ముగ్గురు ఆచార్యులు వచ్చారు. నవల చదివిన వారెవరూ లేరు గనుక నిష్పక్షపాతంగా జరిగింది. "ఇది ఏ సిద్ధాంతం?" అని పెద్దాచార్యుడు అడిగారు. అబద్ధం చెప్పే అలవాటు లేని ప్రతీక్ష "స్లాబు పద్ధతి సార్" అంది. ముగ్గురూ రాసుకున్నారు. ఒకాయన, దీని గురించి తాను నిరుడు ఢిల్లీ సదస్సులో విన్నానని, ఇంకొంచెం లోతుగా పోసి ఉండవలసిందని అన్నారు. ప్రతీక్షకు కాలేజీలో మొదటి స్థానం వచ్చింది.

స్లాబు పడితే కూలీలకు మాంసం పెట్టడం ఆచారం. సంఘం నలభై మందికీ దావత్ ఇచ్చింది. మంగేష్ కూడా మాట నిలబెట్టుకుని, ఆనాటి నుంచి ఇంట్లో పెళ్ళి మాట ఎత్తలేదు.

ఎల్డర్విన్ మీద తెలుగువారికి ఒక ఆన్‌లైన్ వనరు ఉండాలన్న సదుద్దేశంతో ప్రతీక్ష ప్రాజెక్టును సంఘం తన వెబ్‌సైట్‌లో పెట్టింది. అదే సదుద్దేశంతో దాని కింద ప్రతీక్ష బయోడేటా కూడా పెట్టింది: వయసు ఇరవై మూడు, అయిదు అడుగుల రెండంగుళాలు, ఎమ్మే ఫస్టు, వంట వచ్చు.

"ఇదేంది పప్పా?" అని కూతురు అడిగితే, "నేను మాట ఎత్తిన్నా? సంఘం ఎత్తింది" అన్నాడు మంగేష్. తీసేయమని ప్రతీక్ష ఇచ్చిన అర్జీ కార్యవర్గం పరిశీలనలో ఉంది.

మూడు నెలల్లో ప్రాజెక్టును నలుగురు తెరిచారు. బయోడేటాను తొమ్మిది వందల పన్నెండు మంది తెరిచారు. ఇంతవరకు ఓపికగా చదివిన తమరు ఆ పేజీకి వెళితే ముందు ఏది నొక్కుతారని నేనడగను. ఫోటో ఉందా అని మాత్రం తమరు కార్యాలయానికి ఫోన్ చేయనవసరం లేదు. ఉంది.