రెండో సాక్సు

సగంలో ఆగిపోయిన పని కళ్ళ ముందు కనిపిస్తే సుందరరాజుకు అన్నం సహించదు. నంద్యాలలో డ్రిల్లు మాస్టరు ఆయన. పిల్లలు చేతులు పైకెత్తారంటే మళ్ళీ కిందికి దించేదాకా ఈల నోట్లోంచి తీయడు. మధ్యలో వాన వచ్చినా సరే, చేతులు దించాకే పరుగెత్తాలి. పిల్లలు ఆయనకు ఈలల్రాజు అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. లోలోపల కొంచెం గర్వం కూడా.

అలాంటి మనిషి ఇంట్లో, పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది దసరా సెలవులు మొదలుకొని, భార్య లూదియా ఊలు అల్లుతూనే ఉంది. ఏదీ ముగించదు. స్వెట్టరుకు ఒక చెయ్యి ఉంది, రెండోది లేదు. టోపీ ఉంది, గడ్డం కింద ముడివేసే తాడు లేదు. సాక్సు ఒకటే ఉంది.

ఇదంతా పుట్టబోయే బిడ్డకు. కూతురు సలోమి ఆళ్ళగడ్డలో అత్తగారింట్లో ఉంది. క్రిస్మస్ కాగానే పురిటికి నంద్యాలకు తెచ్చుకుందామని అనుకున్నారు. రెండేళ్ళ కిందట ఒకసారి కడుపు నిలిచి, ఆరో నెలలో పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా ఎవరూ మరిచిపోలేదు.

లూదియా అల్లిక గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. పెళ్ళైన కొత్తలో మొగుడికి స్వెట్టరు అల్లింది. టేపు పట్టుకొని ఛాతీ కొలవడానికి సిగ్గేసి, అందాజుగా అల్లింది. తొడుక్కుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. ఉతికి ఆరేస్తే ఇంకో జానెడు సాగింది. తీగ మీద దాన్ని చూసిన పక్కింటి అనసూయమ్మ, "దుప్పటి బాగుంది లూదియమ్మా" అంది.

తరువాత సాక్సులు అల్లింది. ఒకదాంట్లో ఆయన కాలు దూరలేదు. ఇంకోదాంట్లో రెండు కాళ్ళూ దూరాయి. అయినా సుందరరాజు ఆ రెంటినీ ఎలాగో ఎక్కించుకొని చర్చికి వెళ్ళాడు. నంద్యాల ఎండలో ఊలు సాక్సులు! ప్రసంగం ముగిసేసరికి పాదాలు ఉడకబెట్టిన చిలగడదుంపలయ్యాయి. ఎలా ఉన్నాయని లూదియా అడిగితే, "మెత్తగా ఉండాయి" అన్నాడు. ప్రేమ ఉన్న మొగుడు ఇంకేమంటాడు?

కానీ ఇప్పుడామె చెయ్యి బాగా తిరిగింది. పసుపుపచ్చ ఊలుతో అల్లిన ఆ ఒంటి సాక్సు ముద్దొస్తోంది. ఇంత బాగా అల్లగలిగినావిడ రెండోది ఎందుకు అల్లదన్నదే ఆయనకు ఎక్కడో కాలుతోంది.

"ఏందీ లూదియా, ఇంకా ఒకటే సాక్సు? పుట్టేది బిడ్డనా, కొంగనా?"

"అల్లుతాండా కదా."

"యాడ అల్లుతాండావ్? నిన్న బెత్తెడుండె, ఈ పొద్దు రెండు వేళ్ళంతే ఉంది. అల్లేకొద్దీ తగ్గే సాక్సు నేను యాడా చూళ్ళే."

"కుట్టు జారింది. ఇప్పినా."

"రోజూ జారుతాదా?"

"మీ పిల్లోళ్ళు రోజూ డ్రిల్లు చేస్తాండారు. ఒక్కనాడన్నా వరస తిన్నగా వచ్చిందా? నేనేమన్నా అడిగినానా?"

సుందరరాజు ఈల తీసుకొని బడికి వెళ్ళిపోయాడు.

ఆయన అసలు భయం వియ్యపురాలు ఓబులమ్మ. ఆళ్ళగడ్డలో ఆమె గొంతెత్తితే బస్టాండులో బస్సు ఆగుతుందని చెప్పుకుంటారు. సలోమి పెళ్ళిలో సాంబారులో ఉప్పు తగ్గితే, ఆ మాట పాస్టరు గారు ఆశీర్వాదం చెబుతుండగానే అందరికీ వినిపించింది. రేపు పురిటికి ఆమె కూడా వస్తుంది. ఒంటి సాక్సు, ఒంటి చెయ్యి స్వెట్టరు చూస్తే ఊరుకుంటుందా? లూదియా తల ఎక్కడ పెట్టుకుంటుంది? భార్యను ఒకరు మాట అంటే సుందరరాజు తట్టుకోలేడు. అనాలంటే తను ఉన్నాడు కదా!

కాబట్టి పథకం వేశాడు.

రెండో సాక్సు ఎవరిచేతనైనా అల్లించి, గుట్టుగా మొదటిదాని పక్కన పెట్టేయాలి. నంద్యాలలో ఎవరికి చెప్పినా సాయంత్రానికి లూదియాకు చేరుతుంది. అందుకని శనివారం కూతుర్ని చూసే వంకతో, ఒంటి సాక్సు జేబులో దాచుకొని ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. రహస్యం దాచడానికి ఓబులమ్మ ఉన్న ఊరినే ఎంచుకున్న తెలివి ఆయనది.

ఆళ్ళగడ్డ బజారులో ఇమామ్ అనే ఆయన రిబ్బన్లు, బొత్తాలు, ఊలు అమ్ముతాడు. ఆయన భార్య హజీరా కొట్టు వెనక కూర్చొని అల్లుతుంది. సాక్సు చూడగానే హజీరా వేళ్ళతో కొలత వేసుకొని తిరిగి ఇచ్చేసింది.

"బిడ్డ ఎప్పుడు పుట్టినాడు మాస్టరూ?"

"ఇంకా యాడమ్మా. వచ్చే నెలకి."

హజీరా చెయ్యి ఆగింది. "పుట్టకముందే జత పూర్తి చేస్తారా? మా తట్టు చేయరు. మీ తట్టు గూడా..."

"మాకు అట్లాంటి పట్టింపులేమీ లేవు తల్లీ. మేము మిషనోళ్ళం. బేగా అల్లియ్యి, వచ్చే శనివారం వస్తా."

హజీరా సందేహిస్తూనే ఊలు తీసుకుంది.

మరుసటి శనివారం సాక్సు చేతికొచ్చింది. మొదటిదానికి కవల. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, లూదియా వంటింట్లో ఉండగా, సుందరరాజు రెండు సాక్సుల్నీ మంచం మీద పక్కపక్కన పేర్చాడు. అంతటితో ఆగితే ఆయన సుందరరాజు ఎలా అవుతాడు? టోపీకి తాడు లేదన్న వెలితి కనబడి, తన ఈల తాడు తెంపి, సూదితో పొడుచుకుంటూ టోపీకి కుట్టేశాడు.

"లూదియా, ఇట్ల రా. అద్భుతం చూపిస్తా."

లూదియా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మంచం వైపు చూసింది. మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఎవరు చేయమన్నారు మిమ్మల్ని?"

"ఏందీ అట్లంటావ్? నీకు కష్టం తగ్గిద్దామనే కదా..."

"ఎవరు చేయమన్నారు?" ఆమె గోడకు ఆనుకొని కూలబడింది. "పోయినసారి అన్నీ పూర్తిగా అల్లినా నేను. జత సాక్సులు, స్వెట్టరు, టోపీ. పెట్టెలో మడిచి పెట్టినా. ఆ వారమే పోయింది. మర్సిపోయినారా?"

ఆ సాక్సులు సుందరరాజుకు గుర్తున్నాయి. బిడ్డ పోవడమూ గుర్తుంది. ఈ రెంటినీ కలిపి లూదియా ఇన్నాళ్ళూ ఒంటరిగా మోస్తోందని మాత్రం ఆయనకు తోచలేదు.

"అది దీనివల్ల కాదు కదా లూదియా..."

"కాదు. నాకు తెల్సు. బైబిల్లో లేదని గూడా తెల్సు. చర్చి స్త్రీల సమాజంలో ఇట్లాంటివి నమ్మొద్దని చెప్పేది నేనే. కానీ సాక్సు మడమ దాటేసరికి నాకు గుండె దడొస్తాంది. ఇప్పేస్తే నిద్ర పడతాంది. అంతే." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను ముట్టను. మీరే ఇప్పండి."

సుందరరాజు టోపీ తాడు పళ్ళతో కొరికి తెంపి, లూదియా అల్లిన సాక్సును, టోపీని అల్లిక సంచిలో పడేశాడు. హజీరా సాక్సు చేతిలోకి తీసుకున్నాడో లేదో, వీధి వాకిట్లో కేక. ఆస్పత్రిలో ఆయాగా చేసే రంగమ్మ.

"అమ్మా, మీ సలోమిని ఆళ్ళగడ్డ నుండి టాక్సీలో తెచ్చినారు! నొప్పులు మొదలైనాయి. బేగా రండి!"

డాక్టరు చెప్పిన రోజుకు ఇంకా మూడు వారాలుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లూదియా అల్లిక సంచి చంకన పెట్టుకొని చెప్పులు కూడా లేకుండా రిక్షా ఎక్కింది. సుందరరాజు సాక్సుతో సహా ఎక్కాడు.

"ఇప్పండి!"

ఆయన కొస కోసం వెతికాడు. మునివేళ్ళ దగ్గర దొరికింది. లాగితే జర్రున వచ్చింది. తన చేతి నేర్పును తనే మెచ్చుకొని ఇంకా గట్టిగా లాగాడు. రిక్షా గతుకులో పడి లేచింది, ఊలు చేతిలోంచి జారి వీధిలోకి పోయింది. ఇక నంద్యాల వీధుల్లో ముందు రిక్షా, వెనక పసుపుపచ్చ తోక.

"ఏం మాస్టరూ, గాలిపటం ఎగరేస్తాండారా?" అన్నాడు రిక్షా ఆయన వెనక్కి తిరిగి.

"నువ్వు ముందర చూసి తొక్కు!"

"యాడికొచ్చింది?" లూదియా కళ్ళు మూసుకొని ప్రార్థనలోంచే అడిగింది.

"మడమ కాడికొచ్చినా."

"బేగా. ప్రభువా, నా బిడ్డని కాపాడు. బేగా ఇప్పండి."

ఇవన్నీ నమ్మని మనిషి సుందరరాజు. కానీ ఇప్పుడు ఒక్క కుట్టు మిగిలినా ఊరుకునేలా లేడు. ఆస్పత్రి గేటు చేరేసరికి సాక్సు లేదు. తోకంతా లాక్కుంటే ఒళ్ళో ఊలు ముద్ద అయింది, అందులో గడ్డిపోచలు, ఎండుటాకులు, ఎవరో పారేసిన బీడీ ముక్క.

లూదియా లోపలికి పరుగెత్తింది. వరండాలో అల్లుడు సంజీవయ్య గోళ్ళు కొరుక్కుంటూ తిరుగుతున్నాడు. బల్ల మీద ఓబులమ్మ కూర్చొని ఉంది. సుందరరాజు ముద్దను చొక్కా కింద దాచబోయాడు.

"దాచొద్దులే అన్నా. హజీరా అల్లిన సాక్సే కదా?" అంది ఓబులమ్మ.

సుందరరాజు నోరు తెరిచాడు, మూయడం మరిచిపోయాడు.

"నువ్వు బస్సెక్కినావో లేదో, ఆయమ్మ మా ఇంటికి వచ్చింది. మాస్టరు జత పూర్తి చేయమంటాండాడు, ఏం చేయాలక్కా అని. నేనే చెప్పినా, మునివేళ్ళ కాడ మూయొద్దు, ఊరికే దారం గుచ్చి వదిలేయి, మా అన్న అంత దూరం చూసే రకం కాదు అని."

"అంటే... అది పూర్తే కాలేదా?"

"లేదు."

"నేను ఊరంతా ఇప్పుకుంటా వచ్చినా కదమ్మా!"

"చూస్తాండా కదా" అంది ఓబులమ్మ, ముద్దలోంచి బీడీ ముక్క ఏరి పారేస్తూ.

నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. ఆ పెద్ద గొంతు ఇంత చిన్నగా మాట్లాడగలదని సుందరరాజుకు ఆ రోజే తెలిసింది.

"పోయిన నెల వచ్చినప్పుడు ఒంటి సాక్సు చూసినా. వదినెని ఏమీ అడగలే. అడిగేదేముంది? నేను కుట్టిన గౌన్లకి గూడా బొత్తాలు లేవు. పోయినసారి బిడ్డకి కుట్టినా అన్నా, బొత్తాలు."

సుందరరాజు ఆమె ముందు సిగ్గుతో తల వంచుకున్నాడు. ఈవిడ నోటికి భయపడే కదా ఇంత చేసింది!

"పాస్టరు గారికి తెలిస్తే..." అన్నాడు చివరికి.

"ఆయన భార్య గూడా పుట్టబోయే మనవడికి టోపీ సగం అల్లి పెట్టుకోనుంది. నువ్వు చెప్పొద్దు, నేనూ చెప్పను."

అప్పుడే లోపల ఏడుపు వినిపించింది. సన్నగా మొదలై, ఆళ్ళగడ్డ బస్టాండులో బస్సు ఆపేంత పెద్దదైంది. ఎవరి పోలికో ఎవరూ అడగనక్కర్లేదు. సంజీవయ్య ఎక్కడివాడు అక్కడే నిలబడి ఏడ్చాడు. ఓబులమ్మ అతన్ని కసురుతూ తనూ ఏడ్చింది.

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. లూదియా బిడ్డను ఓబులమ్మ పాత చీర ముక్కలో చుట్టి బయటికి తీసుకొచ్చింది. డిసెంబరు సాయంత్రం, వరండాలో చలిగాలి. సంచిలోంచి ఒంటి సాక్సు తీసి ఒక కాలికి తొడిగింది. రెండో కాలు గులాబీ మొగ్గలా బయటే ఉంది.

లూదియా మొగుడి వైపు చూసింది. ఆయన ఊలు ముద్ద చూపించాడు. హజీరా సంగతి ఓబులమ్మ రెండు మాటల్లో చెప్పేసింది. లూదియా అలిసిపోయిన మొహంతో, ఎన్నో నెలల తరువాత, పగలబడి నవ్వింది.

"కూర్చోండి" అంది. బిడ్డను ఒళ్ళో పెట్టింది. "ఆ కాలు చేత్తో పట్టుకోండి. నేను అల్లేదాకా వదలొద్దు."

ఆయన పట్టుకున్నాడు. పాదం గుప్పిట్లో మునిగిపోయింది. మధ్యలో కాఫీ తాగి వస్తానన్నాడు. చెయ్యి తీయగానే బిడ్డ కేకేసింది, ఓబులమ్మ కూడా కేకేసింది. మళ్ళీ కూర్చున్నాడు.

లూదియా గడ్డిపోచలు ఏరుకుంటూ అల్లింది. ఈసారి ఒక్క కుట్టు కూడా జారలేదు. మడమ దాటింది. చెయ్యి ఆగలేదు. మునివేళ్ళ దగ్గరికి వచ్చింది.

గుప్పిట్లో చిన్న పాదం ఒకసారి తన్ని, వెచ్చగా ఒదిగి పడుకుంది. సుందరరాజు సూదుల వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లగా అల్లు లూదియా. ఇప్పుడేం తొందర?"